ఎదుటి పక్షం కుర్చీ

మొన్న వేసవి సెలవులకు సిద్దిపేట కోర్టు మూసిన మరునాడు ఆఫీసు బీరువా సర్దుదామని కూర్చున్నాను. కింది అరలోని పుస్తకాలను బయటికి లాగగానే ఎండిన వేపాకు వాసన గుప్పుమంది. పచ్చి వేపాకు చేదు వేరు. ఇది బియ్యపు డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన. పురుగు పట్టకుండా పుస్తకాల మధ్య వేపాకు పెట్టే అలవాటు మా సీనియర్ బాలనర్సయ్య సార్‌ది. ఆయన పోయాక ఇంటివాళ్లు ఆ పుస్తకాలన్నీ నాకే ఇచ్చారు. సగం చట్టం, సగం తత్వశాస్త్రం. ఆయన వాటిని వేరువేరు అరల్లో పెట్టేవారు కాదు. సాక్ష్యపు చట్టం పక్కన తర్కం, ఆస్తి బదిలీ చట్టం పక్కన దర్శనాలు. నేనూ అదే వరుస ఉంచాను. అవసరమైన పుస్తకం దొరకనప్పుడు మాత్రం ఆయన్ని మనసులో నాలుగు తిట్టుకుంటాను.

సార్‌ది సిద్దిపేటలోనే మగ్గం పని చేసుకునే కుటుంబం. చదువుకుని ఒక డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవారు. ఆ సబ్జెక్టు తీసుకునే పిల్లలు రానురాను తగ్గి, ఆఖరికి ఆ క్లాసే ఎత్తేశారు. ఇంకేదైనా చెప్పమంటే, తనకు రానిది ఎలా చెప్పాలని అడిగి బయటికి వచ్చేశారు. నడివయసులో లా చదివి, నల్లకోటు వేసుకున్నారు. ఆ కోటు భుజాల దగ్గర ఎప్పుడూ వదులుగానే ఉండేది. కోర్టులో మిగతా వకీళ్లు చాటున ఆయన్ని వేదాంతం సార్ అని పిలిచేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు. వేదాంతి అయితే అన్నీ వదిలేయాలని, తనకు క్యాంటీన్ మిర్చిబజ్జీ కూడా వదలబుద్ధి కాదని ఆయనే నవ్వేవారు.

నేను తొగుట వైపు నుంచి వచ్చినదాన్ని. లా పూర్తిచేసి జూనియర్‌గా చేరడానికి ఆయన ఆఫీసుకు వెళ్లినప్పుడు, నా మార్కులు అడగలేదు, ఎవరి పిల్లవని అడగలేదు. ఇంట్లో చివరిసారి ఎవరితో గొడవపడ్డావని అడిగారు. వకీలు చదువు వద్దన్న మా బాపుతో అని చెప్పాను. పక్కనున్న కుర్చీ చూపించి, అందులో కూర్చుని బాపు వైపు నుంచి వాదించమన్నారు. నేను కూర్చుని, ఆడపిల్లకు కోర్టు ఎందుకు, ఊళ్లో నలుగురూ ఏమంటారు అని బాపు మాటలను కాస్త వెటకారంగా అప్పజెప్పాను. సార్ తల అడ్డంగా ఊపారు.

"బాపు గిట్ల చెప్తడా, స్వరూపా? నువ్వు ఓడగొట్టనీకి సులువుగ ఉండే బాపును చేసుకున్నవ్. అసలు బాపును తోల్కరా" అన్నారు.

రెండోసారి మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. మా బాపు ఒక భూమి తగాదాలో ఏళ్ల తరబడి కోర్టు మెట్ల మీద కూర్చున్నాడు. ఆ మెట్ల మీద తను చూసిన మనుషులను చూసి భయపడ్డాడు. ఆ భయాన్నే నాకు వేరే మాటల్లో చెప్పాడని ఆ కుర్చీలో కూర్చున్నాక అర్థమైంది. సార్ నన్ను ఆ రోజే చేర్చుకున్నారు. వకీలు పని విషయంలో నేను మనసు మార్చుకోలేదు గానీ, సాయంత్రం ఇంటికి పోయి బాపుతో మామూలుగా మాట్లాడాను.

ఆ కుర్చీయే ఆయన పద్ధతి. కేసు చెప్పుకోవడానికి వచ్చిన ఎవరైనా ముందు తన మాట చెప్పుకోవాలి. తర్వాత లేచి పక్క కుర్చీలోకి మారి, ఎదుటి పక్షం వాళ్లు ఎలా చెబుతారో అలా చెప్పాలి. అది అయ్యాకే సార్ వకాలత్ కాగితం బయటికి తీసేవారు. ఈ పద్ధతి ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. పూర్వం మన దేశంలో తత్వవేత్తలు వాదానికి దిగితే, ముందు ఎదుటివాడి వాదాన్ని చెప్పేవారు. దానికి పూర్వపక్షమని పేరు. ఎదుటివాడే అవునని తలూపేంత బాగా చెప్పాకే దాన్ని ఖండించి తమ మాట నిలబెట్టుకోవాలి. వాదం, ప్రమాణం, సాక్షి, నిర్ణయం, ఇవన్నీ వాళ్ల మాటలే. "మన కోర్టు ఆ మాటలన్ని ఆడికెళ్లి కిరాయికి తెచ్చుకున్నది. కిరాయి కట్టుడు మర్చిపోయింది" అనేవారు సార్.

ఆ కుర్చీలో చాలామంది నవ్వు తెప్పించేవారు. పక్కింటి మురికినీళ్లు తన వాకిట్లోకి వస్తున్నాయని ఒకావిడ వచ్చింది. పక్క కుర్చీలోకి మారి, "నేను కావాలనే నీళ్లిడుస్త, నాకు కండ్లమంట" అని చెప్పింది. తనను తానే దొంగనని ఎవరూ చెప్పుకోరని, మళ్లీ చెప్పమని సార్ అడిగారు. మూడు విడతలయ్యాక ఆవిడ ఆలోచించి, వాళ్ల మోరీని రోడ్డు పనివాళ్లు పూడ్చేశారని, నీళ్లకు వేరే తోవ లేదని చెప్పింది. చెప్పాక తనే లేచి, మున్సిపల్ ఆఫీసు ఎక్కడుందని అడిగి వెళ్లిపోయింది. ఇలా చేతికొచ్చిన కేసులు జారిపోతుంటే నాకు ఒళ్లు మండేది. జూనియర్‌కు కేసులుంటేనే కదా పని.

చట్టాన్ని సార్ తక్కువచేసి మాట్లాడినట్టు నాకు గుర్తులేదు. పాఠం చెప్పే రోజుల్లో ఒక ప్రశ్న మీద ఏడాదంతా గడిపేవాడినని, తీరా ఏడాది చివర ఆ ప్రశ్న ఇంకాస్త పెద్దదయ్యేదని అనేవారు. "తత్వం కూసోని ఆలోచిస్తది. దానికేం తొందర? చట్టం అట్ల కాదు బిడ్డా. మనుషులు బయట నిలబడి ఉంటరు. ఏదో ఒకటి తేల్చి తోలియ్యాలె. తేల్చినంక అనుమానం మిగులుతది సూడు, దాన్ని మల్ల తత్వం తీస్కపోయి పెట్టుకుంటది" అన్నారొకసారి. ఆ మాట అప్పుడు విన్నాను, అంతే. సత్తయ్య కేసు వచ్చాక గానీ నాకు అది ఒంటబట్టలేదు.

సత్తయ్యది నారాయణరావుపేట అవతల ఒక ఊరు. దుబాయిలో చాలాకాలం పనిచేసి, తిరిగొచ్చి, ఊరి చివర కొంత భూమి కొన్నాడు. అందులో కోళ్ల ఫారం వేద్దామని చుట్టూ రాతి కడీలు పాతి తీగ లాగాడు. ఆ భూమికి అవతలి పక్క క్రైస్తవుల సమాధులున్నాయి. కూలి పని చేసుకునే ఎస్తేరమ్మ అనే ముసలావిడ, తమ సమాధులకు దారి ఆ భూమిలోంచే ఉందని, సత్తయ్య మూసేశాడని కోర్టులో దావా వేసింది. సమన్లు పట్టుకుని సత్తయ్య మా దగ్గరికి వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. కొత్తగా వచ్చిన కాలువ గట్టు మీదుగా చుట్టూ తిరిగి పోవచ్చని, తన భూమి మధ్యలోంచి దారి ఇస్తే షెడ్డు వేసే జాగాయే ఉండదని చెప్పాడు. "ఇన్నేండ్లు ఎవని జాగలనో నిలబడి బతికిన సార్. నాది అనేటి జాగ ఒక్కటన్న నాకు ఉండద్దా?" అన్నాడు. నాకు అతని మీద జాలి కలిగింది.

పక్క కుర్చీలోకి మారమని సార్ అంటే సత్తయ్య మొదట ఒప్పుకోలేదు. తన మాట చెప్పమని వకీలు దగ్గరికి వస్తే, వాళ్ల మాట చెప్పమంటారేమిటని అడిగాడు. ఆ మాట కోర్టులో ఎలాగూ వినబడుతుందని, ఇక్కడే ముందు వింటే మంచిదని సార్ నచ్చజెప్పారు. సత్తయ్య ఆ కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత ఎస్తేరమ్మ చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాడు. అంత బాగా చెప్పినవాళ్లను ఆ కుర్చీలో నేను అంతకుముందు చూడలేదు.

"మా ఆయన దావీదును గా తోవలకెళ్లే మోసుకపోయినం. వానకాలం నాట్లుంటయి గాబట్టి బాయి పక్కపొంటి ఒడ్డుమీదికెళ్లి పోతం. ఎండకాలం పొలం ఖాళీగుంటది, నడిమికెళ్లి పోతం. సత్తయ్య కొన్నప్పుడు సుత పాత పటేలు చెప్పిండు, గీళ్లు సమాధులకాడికి పోతరు, అడ్డం పెట్టకు అని. సత్తయ్య సరేనన్నడు."

చెప్పి, తన నోటి నుంచి ఏం వచ్చిందో అప్పుడే విన్నవాడిలా ఆగిపోయాడు. సార్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ఇది ఎస్తేరమ్మ చెప్పే మాటా, జరిగిన మాటా అని. సత్తయ్య లేచి తన కుర్చీలోకి వచ్చి, జరిగిందేనని ఒప్పుకున్నాడు. భూమి అమ్మిన ఆ పటేలు చనిపోయాడు, ఆ మాటకు వేరే సాక్షి లేడు. రెండు పంటలకు దున్నేసరికి దారి ఆనవాలు కూడా చెరిగిపోయింది.

సార్ తను చేయగలిగింది చెప్పారు. కాలువ గట్టు దారి ఉంది కాబట్టి ఈ దారి తప్పనిసరి కాదని వాదిస్తాను, దారి హక్కు ఏ కాగితంలోనూ లేదని వాదిస్తాను, అవసరమైతే భూమి అంచు వెంట సన్నని బాట ఇచ్చి రాజీ చేస్తాను అన్నారు. అక్కడ దారే ఉండేది కాదని మాత్రం రాయనన్నారు. దారి ఉండేదని ఒప్పుకుంటే సగం ఓడినట్టేనని సత్తయ్య అన్నాడు. కాగితాలు తీసుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు. వేరే వకీలును పెట్టుకున్నాడు. ఆ వకీలుకు కుర్చీ పద్ధతులేమీ లేవు. అక్కడ దారి అనేది ఏనాడూ లేదని జవాబు దాఖలైంది.

ఎస్తేరమ్మ సాక్ష్యం చెప్పిన రోజు వేరే పని మీద నేను అదే కోర్టు హాల్లో ఉన్నాను. దారి ఎటునుంచి పోతుందని అడిగితే, పొలం మధ్యలోంచి అని చెప్పింది. ఆమె తరఫున వచ్చిన పెద్దమనిషి బావి పక్క ఒడ్డు మీదుగా అని చెప్పాడు. సత్తయ్య వకీలు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఉన్న దారి అయితే ఇద్దరికీ ఒకేచోట కనిపించాలి కదా అన్నాడు. ఎస్తేరమ్మ మనసులో ఉన్నది ఎండాకాలం దారి. పెద్దమనిషి మనసులో ఉన్నది వానాకాలం దారి. వాళ్ల ఊళ్లో అది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి కాబట్టి, చెప్పాలని వాళ్లకు తోచలేదు. అడగాలని వాళ్ల వకీలుకు తట్టలేదు. నాకు తెలుసు. బెంచీ మీద కూర్చుని చేతులు నలుపుకుంటూ ఉండిపోయాను.

పరుగున వచ్చి సార్‌తో దెబ్బలాడాను. ఒక్క మాట వాళ్ల వకీలు చెవిలో వేస్తే చాలునని, అది కూడా చేయకపోతే ఇన్ని తత్వశాస్త్రం పుస్తకాలు ఎందుకని అడిగాను. ఆ మాట అనవలసింది కాదేమో గానీ, అప్పుడు నాకు అంత కోపంగానూ ఉంది. సార్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కేసు తీసుకున్నా తీసుకోకున్నా, నమ్మి చెప్పిన మాటను వకీలు బయటపెట్టకూడదు. ఆ చట్టం నాకూ తెలుసు. చట్టం కాబట్టే నోరు మూసుకున్నారా అని అడిగాను.

"చట్టమని కాదు. ఆ కుర్చీల కూసున్నడు గనుకనే సత్తయ్య నిజం చెప్పిండు. నేను దాన్ని తీస్కపోయి అమ్మితే, రేపటికెళ్లి ఆ కుర్చీల ఎవ్వలు నిజం చెప్పరు. గట్లని ఎస్తేరమ్మ ఓడిపోతుంటె చూసుడు మంచిదని అంటలేను. మంచిది కాదు. రెండు సుత నిజమే. నాకు నిద్ర పడ్తలేదు, స్వరూపా" అన్నారు.

ఆయన అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ ఏదో ఒక చమత్కారంతో మాట ముగించే మనిషి. నేను నా బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

దావా కొట్టేశారు. వాది మాటలు, ఆమె సాక్షి మాటలు ఒకదానికొకటి పొసగడం లేదని, వాది సాక్ష్యం నమ్మదగినదిగా లేదని తీర్పులో రాశారు. ఆ కాగితాలను బట్టి చూస్తే ఆ న్యాయమూర్తి చేసిన తప్పేమీ లేదు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే రాసేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఎస్తేరమ్మ మా ఆఫీసుకు వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది. సార్ లేచి, ఆమెను కూర్చోమన్నారు. నేను మంచినీళ్లిచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టి, సత్తయ్య ముందుగా ఈ ఆఫీసుకే వచ్చాడని ఊళ్లో విన్నానంది. వచ్చాడని సార్ అన్నారు. మరి కేసు ఎందుకు పట్టుకోలేదని అడిగింది. అది చెప్పకూడదని సార్ అన్నారు. అప్పీలు గురించి వచ్చిందేమో అనుకుని, దానికి వేరే వకీలును చూసుకోవాలని నేను చెప్పబోయాను. ఆమె నావైపు చూడలేదు.

"దారి పోతే పోయింది సారూ. కాలువ మీదికెళ్లి తిరిగి పోతం. సమాధుల పండుగకు గట్లనే పోయినం. నేను అబద్దం చెప్పిన్నని కాయితంల రాసిన్రు. గది చదివి నా కొడుకు ఏలియా నా మొకం చూసిండు. అవ్వా, యాది తప్పి గిట్ల చెప్పినవా అన్నడు. నా కడుపుల పుట్టినోడు అన్నడు. గాడ తోవ ఉండెనా లేదా, నీకు ఎరికనా?"

తనకు తెలియదని సార్ ఒక్క మాట అంటే సరిపోయేది. అది అబద్ధమని నిరూపించేవాళ్లు ఎవరూ లేరు, ఏ చట్టమూ ఆయన్ని తప్పుపట్టదు. ఆ ముసలావిడ లేచి బస్సెక్కేది. నేను చూస్తున్నంతసేపూ ఆయన చేతివేళ్లు బల్ల అంచును పట్టుకునే ఉన్నాయి.

"అవ్వా, గది నేను చెప్పద్దు. నన్ను నమ్మి ఎవ్వలు ఏం చెప్పినా, దాన్ని నేను బయట పెట్టద్దు" అన్నారు.

ఎస్తేరమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"తెల్వదని అయితే అంటలేవు గద" అంది.

"అంటలేను" అన్నారు సార్.

ఆమె కొంగు సర్దుకుని లేచి, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "ఏలియాను తోలిస్త. వాడు సుత గిదే అడుగుతడు. నాకు చెప్పినట్టే వానికి చెప్పు. ఎక్కువ చెప్పకు, తక్కువ చెప్పకు" అంది. సార్ లేచి నిలబడి, గట్లనే అవ్వా అన్నారు.

ఏలియా మరుసటి వారం మోటారు సైకిల్ మీద వచ్చాడు. తల్లి అడిగినట్టే అడిగాడు. సార్ అదే జవాబు చెప్పారు. తెలియదా అని ఏలియా మళ్లీ అడిగాడు. తెలియదని అనడం లేదని సార్ అన్నారు. ఏలియా బయటికి పోయి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, తువ్వాలతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి నేను వెళ్లి నీళ్లు కావాలా అని అడిగితే, "మా అవ్వను అనుమానపడ్డ మేడం" అని, నీళ్లు తాగకుండానే బండి తీశాడు.

ఆ సాయంత్రం సార్ నన్ను పిలిచి, తాను సత్తయ్య నమ్మకాన్ని వమ్ము చేశానా అని అడిగారు. చేయలేదని ముందు వాదించాను. ఆయన పక్క కుర్చీ చూపించారు. అందులో కూర్చుని, చెప్పనని చెబుతూనే చెప్పేశారని, సత్తయ్యకు తెలిస్తే మోసమనే అనుకుంటాడని వాదించాను. రెండూ బాగానే ఉన్నాయి, ఇక నిర్ణయం చెప్పు అన్నారు. నాకు చేతకాలేదు. ఆయనకూ చేతకాలేదని నా అనుమానం. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ మేమిద్దరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నా ఆఫీసుకూ మనుషులు వస్తారు. ఒకరు నమ్మి చెప్పిన సంగతిని ఇంకొకరు వచ్చి అడుగుతారు. పోలీసులు అడుగుతారు, చుట్టాలు అడుగుతారు, ఒక్కోసారి దారిలో ఆపి అడుగుతారు. నాకేం తెలియదండీ అనే మాట చాలా తేలికగా నోటిదాకా వస్తుంది. మా వృత్తిలో దాన్ని అబద్ధమని కూడా ఎవరూ లెక్కపెట్టరు. నేను మాత్రం ఆ మాట అనలేను. చెప్పకూడదని మాత్రమే చెబుతాను. దానివల్ల కొందరు నన్ను పొగరుబోతు అనుకున్నారు, ఒకరిద్దరు తమ కేసులు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. పోనీ. అడిగిన మనిషి వెనక ఇంట్లో ఒక ఏలియా ఉండవచ్చు. తల్లి మాట నమ్మాలో వద్దో తేల్చుకోలేక, నా నోటి వైపు చూస్తూ ఉండవచ్చు.